పాల బకెట్ల దగ్గరే మొదలైంది: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా సిలబస్‌లో జార్జ్ ఆర్వెల్ నవల ‘యానిమల్ ఫామ్’ ఉంది, జంతువులు యజమానిని తరిమి పొలాన్ని తామే ఏలుకునే కథ. నెపోలియన్ అనే పంది మొదటినుంచీ దుర్మార్గుడేనా, గద్దెనెక్కాక చెడ్డాడా? పరీక్షలో ఏది రాయాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, రాయగడ

జవాబు: గద్దెనెక్కాక చెడ్డాడని రాయడం తేలికే గానీ, పుస్తకం ఒప్పుకోదు. రెండో అధ్యాయం మళ్లీ చూడండి. యజమాని జోన్స్‌ను తరిమేసిన మర్నాడు ఆవుల పాలు పితికితే ఐదు బకెట్లు నిండాయి. అందరి కళ్లూ వాటి మీదే. నెపోలియన్ వచ్చి బకెట్లకు అడ్డంగా నిలబడి, పాల సంగతి తర్వాత, ముందు గడ్డి కోత కానివ్వండి అంటాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి పాలు లేవు. అప్పటికి అతనికి పదవీ లేదు, వెంట కుక్కలూ లేవు.

మూడో అధ్యాయంలో ఆ పాలు ఎక్కడికి పోతున్నాయో తెలుస్తుంది: రోజూ పందుల కుడితిలోకి. రాలిన ఆపిల్ పళ్లు కూడా పందులకే అంటారు. పందుల మేత తగ్గితే జోన్స్ తిరిగొస్తాడని, పందుల తరఫున మాట్లాడే స్క్వీలర్ అనే పంది బెదిరించగానే అందరి నోళ్లూ మూతపడతాయి. మరో పంది నాయకుడు స్నోబాల్‌ను ఉత్తముడిగా రాసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మిగతా వాటిలో నెపోలియన్‌తో నిత్యం తగువులాడే స్నోబాల్ దీనికి మాత్రం సరేనన్నాడు. కథ మలుపు తిరిగింది ఆ పాలూ ఆపిల్ పళ్ల దగ్గరేనని ఆర్వెల్ స్వయంగా 1946లో ఒక ఉత్తరంలో రాశారు.

కాబట్టి దురాశ ముందునుంచీ ఉంది, అది ఒక్క నెపోలియన్‌దే కాదు. అతను అదనంగా చేసింది ఒకటే: పాలు మరిచిన తొమ్మిది కుక్కపిల్లలను తల్లుల దగ్గరనుంచి తీసి అటక మీద పెంచాడు. ఐదో అధ్యాయంలో స్నోబాల్‌ను తరిమింది అవే. ఆదివారం సభలు రద్దయ్యిందీ ఆ రోజే. జవాబు ఈ వరసలో రాయండి. నెపోలియన్ అంటే సోవియట్ నేత స్టాలిన్, స్నోబాల్ అంటే అతని ప్రత్యర్థి ట్రాట్‌స్కీ అని చెప్పి ఆపేస్తే అది చరిత్ర జవాబవుతుంది, పాత్ర గురించి ఏమీ చెప్పినట్టు కాదు.

ప్రశ్న: గుర్రం బాక్సర్‌కు అంత బలం ఉండి ఎందుకు ఎదురు తిరగలేదు మాస్టారూ? పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.
– ఒక ఉపాధ్యాయుడు, సిరొంచ

జవాబు: ఏడో అధ్యాయంలో మూడు కుక్కలు బాక్సర్ మీదకు దూకే చోటు చదివి వినిపించండి. ఒకదాన్ని గాల్లోనే అందుకుని డెక్క కింద అదిమిపెడతాడు. మిగతా రెండూ తోక ముడుస్తాయి. అప్పుడు బాక్సర్, దీన్ని నలిపెయ్యాలా వదిలెయ్యాలా అన్నట్టు నెపోలియన్ మొహం వంక చూస్తాడు. పిల్లలకు ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. అక్షరమాలలో నాలుగో అక్షరం దాటి నేర్చుకోలేకపోయాడు కాబట్టి కొట్టం గోడ మీద రాసిన ఏడు కట్టడల్లో మాట మారినా అతనికి తెలిసే దారి లేదు. బాగా చదవగలిగిన గాడిద బెంజమిన్ నోరు విప్పేది బాక్సర్‌ను కబేళా బండి ఎక్కించాకే. నన్నడిగితే స్క్వీలర్ కన్నా బెంజమిన్ మీదే ఎక్కువ కోపం రావాలి.

ప్రశ్న: సంక్రాంతికి మా కుర్రాళ్లు దీన్ని నాటకంగా వేస్తామంటున్నారు. అనుమతి కావాలా? కుక్కలూ గోడా ఎలా చూపాలి?
– ఒక నాటక బృందం, పర్లాకిమిడి

జవాబు: మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. ఆర్వెల్ 1950లో పోయారు, 2010తో ముగిసింది. మూలం చూసి మీరే రాసుకుంటే ఎవరినీ అడగనక్కర్లేదు. అచ్చయిన తెలుగు అనువాదం వాడితే మాత్రం అనువాదకుల హక్కు వేరే ఉంటుంది, వాళ్లనడగండి.

కుక్కలకు ముగ్గురు చాలు. మిగతా అరుపులు తెర వెనక నుంచి రానివ్వండి. ముసుగులు ముక్కు వరకే ఉండాలి. నోరు కప్పితే మైకు పెట్టినా మాట ముద్దగా వినిపిస్తుంది.

అసలు తిప్పలు గోడతోనే. ఏడు కట్టడలను నల్ల గుడ్డ మీద ఒకేసారి రాసేస్తే, ‘ఏ జంతువూ మరో జంతువును చంపరాదు’లో పందులు తర్వాత ‘కారణం లేకుండా’ ఇరికించడానికి చోటుండదు. ఖాళీ వదిలితే మొదటి అంకంలోనే గుట్టు రట్టు. ఒక్కో కట్టడకు ఒక్కో ప్లైవుడ్ పలక చేసి కొక్కేలకు తగిలించండి. మారే నాలుగింటికి రెండో పలక సిద్ధంగా ఉంచి, దీపాలు ఆర్పినప్పుడు మార్చెయ్యండి. అక్షరాలు మూడు అంగుళాలకు తగ్గితే వెనక వరసలకు ఒత్తులు కనపడవు.

చివరి రంగంలో పొరుగు రైతు పిల్కింగ్టన్‌కూ పంది ముక్కు ముసుగే పెట్టండి. పేకాటలో అతనూ నెపోలియనూ ఒకేసారి ఇస్పేటు ఆసు వేస్తారు, గొడవ దాని మీదే. వెనకవైపు బొమ్మ ఒకేలా ఉన్న రెండు పేక కట్టలు కొనండి. ముక్క ఎవరికీ కనపడదు కాబట్టి ఇద్దరూ దాని పేరు గట్టిగా అరవాలి.