పెళ్ళి వీడియోలకి మొదట కొనాల్సిన లెన్స్ ప్రైమా, జూమా?

మీ దగ్గర సోనీ ఏ7 ఫోర్, దానితో వచ్చిన 28-70 కిట్ లెన్స్ ఉన్నాయి, చేతిలో లక్ష దాకా ఉంది, మాఘమాసం ముహూర్తాలకల్లా పెళ్ళి వీడియోలు మొదలుపెట్టాలి, 50, 85 ఎంఎం ప్రైమ్‌లు (జూమ్ అవ్వని లెన్సులు) రెండూ కొనాలా లేక ఆ డబ్బుతో ఒక్క ఎఫ్ 2.8 జూమ్ కొనాలా అని అడిగారు. (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్‌లోకి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది.) జూమ్ కొనండి. 85 తర్వాత కొనుక్కోవచ్చు, అదీ ఎందుకు కొనాలో కింద చెప్తాను.

నేను పదకొండేళ్ళుగా పశ్చిమగోదావరి వైపు పెళ్ళిళ్ళు తీస్తున్నాను. మొదట్లో మీలాగే 85 ఎఫ్ 1.8 వైపు మనసు లాగింది, అదే కొన్నాను. తణుకు దగ్గర ఒక ఊళ్ళో పెళ్ళి, ముహూర్తం రాత్రి 2 దాటాక. సాయంత్రం పెళ్ళికూతురిని చేసేటప్పుడు 85తో తీసిన షాట్లు ఎంత బాగా వచ్చాయంటే, అదే లెన్స్‌తో మండపం ఎక్కేశాను. ఫొటోగ్రాఫర్ ఎదురుగా నిలబడ్డాడు, నాకు పెళ్ళికొడుకు వైపు స్తంభం పక్కన చోటు దొరికింది. మేనమామలు అమ్మాయిని గంపలో తెచ్చి కూర్చోబెట్టారు, వాళ్ళ వెనకే బంధువులంతా స్టేజి ఎక్కేశారు, ఇక నాకు వెనక్కి అడుగు వేసే చోటు లేదు. అడ్డుతెర తీశారు, ఇద్దరూ జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. నా ఫ్రేములో రెండు చేతులు, ఫోకస్‌లో ఉన్న ఒక ముఖం, మసకగా ఇంకో ముఖం, అంతే. పెన్‌డ్రైవ్ ఇచ్చిన వారం తర్వాత అమ్మాయి వాళ్ళ అమ్మగారు ఫోన్ చేసి, "నేను పిల్ల పక్కనే ఉన్నాను కదా బాబూ, ముహూర్తం వేళ నేను ఒక్కచోటా కనపడలేదే" అన్నారు. ఆవిడకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఆ క్షణాన్ని మళ్ళీ తియ్యమని పంతులుగారిని అడగలేం.

అలా ఎందుకు జరిగిందో తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది, మీరూ కొనేముందు ఈ లెక్క చూసుకోండి. మండపం మీద మనకి దొరికేది మహా అయితే రెండున్నర మీటర్ల దూరం. మీ ఏ7 ఫోర్ లాంటి ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద 85 ఎంఎం ఆ దూరంలో ఒక మీటరు వెడల్పు మాత్రమే చూస్తుంది, 50 అయితే 1.8 మీటర్లు, 28 అయితే 3.2 మీటర్లు. జీలకర్ర బెల్లానికి వధూవరులు, పక్కన తల్లిదండ్రులు, మంత్రం చదివే పంతులుగారు అందరూ రావాలంటే మూడు మీటర్లు కావాలి, రెండు సెకన్లలో చేతుల మీదకి వెళ్ళాలంటే 70 కావాలి, ఈ రెండూ ఒకే లెన్స్‌లో ఉండాలి. ఇక ఫోకస్ సంగతి. 85ని ఎఫ్ 1.8 దగ్గర పెడితే అదే దూరంలో షార్ప్‌గా ఉండేది ముందు వెనక కలిపి 9 సెంటీమీటర్లే. పక్కనుంచి తీసేటప్పుడు ఒకరు మనకి కాస్త దగ్గర, ఒకరు దూరం కాబట్టి ఒక ముఖం పోవాల్సిందే. జూమ్‌ని 50, ఎఫ్ 2.8 దగ్గర పెడితే 40 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది, రెండు ముఖాలూ నిలబడతాయి. బ్యాక్‌గ్రౌండ్ మసకగా రావడం అందంగానే ఉంటుంది, కానీ ముహూర్తం వేళ ఆ బ్యాక్‌గ్రౌండ్‌లో ఉండేది వాళ్ళ అమ్మానాన్నలు.

కిట్ లెన్స్‌తో నెట్టుకురావచ్చా అంటే, పగటి పెళ్ళికి పర్వాలేదు. అది 70కి వెళ్ళేసరికి ఎఫ్ 5.6 అయిపోతుంది, ఎఫ్ 2.8తో పోలిస్తే నాలుగో వంతు వెలుతురే లోపలికి వస్తుంది, పైగా జూమ్ చేస్తుంటే మధ్యలో వీడియో చీకటి పడుతుంది. రాత్రి పందిట్లో ఆ లోటు పూడ్చడానికి ఫోకస్ లైట్ తెచ్చి పెళ్ళికూతురి కళ్ళలో కొట్టాల్సి వస్తుంది. పొద్దుటి నుంచి ఉపవాసం ఉండి, సరిగా నిద్ర లేక కూర్చున్న పిల్లని అలా కష్టపెట్టడం నాకు అస్సలు నచ్చదు.

ఏ జూమ్ అంటే, మీ డబ్బుకి ట్యామ్రాన్ 28-75 ఎఫ్ 2.8 జీ2. బరువు 540 గ్రాములే, గింబల్ (కెమెరా కుదుపుల్ని ఆపే స్టాండు) మీద తెల్లారేదాకా పట్టుకున్నా చెయ్యి నొప్పెట్టదు. 28 దగ్గర 18 సెంటీమీటర్ల దూరం నుంచి కూడా ఫోకస్ అవుతుంది కాబట్టి మంగళసూత్రాలు, బుగ్గచుక్క, పారాణి లాంటివాటికి వేరే లెన్స్ అక్కర్లేదు. సిగ్మా 24-70 కూడా మంచిదే, ఇరుకు హాళ్ళలో ఆ 24 చాలా పనికొస్తుంది, కాకపోతే పాత మోడల్ 830 గ్రాములు. మీరు ఒక్కరే తీస్తారు కాబట్టి నేనైతే బరువు తక్కువదే తీసుకోమంటాను.

మీ కెమెరా బాడీ విషయంలో ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇది తెలియక చాలామంది లెన్స్ బాగాలేదనుకుంటారు. ఏ7 ఫోర్‌లో 4కే 50 లేదా 60 ఫ్రేములు పెడితే 1.5 క్రాప్ అవుతుంది, అంటే సెన్సర్ మధ్య భాగాన్నే వాడుకుంటుంది. దాంతో మీ 28 కాస్తా 42లా కనపడుతుంది, చిన్న స్టేజి మీద గోడకి ఆనుకున్నా అందరూ పట్టరు. అందుకే ముహూర్తం, మంగళసూత్రధారణ, హోమం 25 ఫ్రేముల్లో, షట్టర్ 1/50 దగ్గర తియ్యండి. తలంబ్రాలు పోసుకునేటప్పుడు స్లో మోషన్ కావాలనిపిస్తే అప్పుడు 50 ఫ్రేములకి మార్చండి. ఫోకస్ మారినప్పుడు ఫ్రేము కొద్దిగా పెరిగి తరిగినట్టు కనపడకుండా ఆ కెమెరాలో ఒక సెట్టింగ్ ఉంది, అది సోనీ సొంత లెన్సులకే పనిచేస్తుంది. అయినా పెళ్ళి వీడియోలో దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక 85. నాలుగైదు ఆర్డర్లు అయ్యాక తప్పకుండా కొనండి, సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు, ఎఫ్ 1.8 చాలు. నేను దాన్ని ముస్తాబు దగ్గర, మంగళస్నానాల దగ్గర వాడతాను, ముఖ్యంగా అప్పగింతలకి. అప్పగింతల్లో కెమెరా దగ్గరికి తీసుకెళ్తే మనుషులు ఏడుపు ఆపేసుకుంటారు, తండ్రి అయితే ముఖం తిప్పేసుకుంటాడు. ఆరేడు మీటర్లు వెనక్కి జరిగి 85 పెట్టి, క్రాప్ మోడ్ ఆన్ చేస్తే 127 ఎంఎం అంత దగ్గరగా కనపడుతుంది, వాళ్ళకి మనం ఉన్నట్టే తెలియదు. నేను తీసినవాటిలో జనం మళ్ళీ మళ్ళీ చూసుకునేవి ఆ షాట్లే. అక్కడ ఎఫ్ 1.8 అవసరం కూడా, ఎందుకంటే కారు దగ్గర వెలుతురు ఉండదు.

వైడ్ లెన్స్ ఇప్పుడే వద్దు. హాలు డెకరేషన్ కోసం రెండు షాట్లు కావాలంటే ఆ రోజుకి అద్దెకి తెచ్చుకోండి. దాంతో మనుషుల్ని తీస్తే అంచుల్లో ఉన్నవాళ్ళ ముఖాలు సాగిపోతాయి, బంధువులు బాధపడతారు.

లెన్స్ ముందు ఫిల్టర్, హుడ్ (అంచు చుట్టూ పెట్టే తొడుగు) లేకుండా మండపం ఎక్కకండి. తలంబ్రాలు, పసుపు అక్షింతలు నేరుగా అద్దం మీద పడతాయి, హోమం నెయ్యి పొగ సన్నటి జిడ్డులా పట్టేస్తుంది. ఏసీ గదిలోంచి బయట పందిట్లోకి వస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది, కాబట్టి ముహూర్తానికి అరగంట ముందే కెమెరా బయట పెట్టండి. మన కోస్తా ఉక్కలో లెన్సుకి ఫంగస్ పట్టడం మామూలే, ఇంటికి వచ్చాక బ్యాగులో వదిలేయకుండా సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి.

కొనేముందు ఒక పెళ్ళికి ట్యామ్రాన్ అద్దెకి తీసుకుని చూడండి. అమ్మాయి దండ పట్టుకుని మీ వైపు నడిచొచ్చేటప్పుడు ఫోకస్ ముఖం మీదే ఉంటుందా, దండ మీదకి పోతుందా అన్నది ముఖ్యంగా గమనించండి. మీరు తీయబోయే మొదటి పెళ్ళి హాల్లోనా, ఇంటి ముందు పందిట్లోనా చెప్తే లైట్ల గురించి కూడా రాస్తాను.