కామర్స్ క్లాజ్: ఏడో షెడ్యూల్‌ కళ్లతో చదవొద్దు

ప్రశ్న: మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ అయ్యాక అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం చేస్తున్నాను. న్యూయార్క్ బార్ పరీక్ష రాయాలి. ప్రాక్టీస్ టెస్టుల్లో కామర్స్ క్లాజ్, అంటే రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారాన్ని కాంగ్రెస్‌కు (అమెరికా పార్లమెంటుకు) ఇచ్చే రాజ్యాంగ నిబంధన మీది ప్రశ్నలే ఎక్కువగా తప్పుతున్నాయి. ఎలా చదవాలి?

జవాబు: ఇక్కడ చదివి వెళ్లినవాళ్లు బోల్తా పడేది మన ఏడో షెడ్యూల్ (అధికారాలను కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలుగా పంచేది) అలవాటు వల్లే. మన దగ్గర మూడు జాబితాల్లోనూ లేని అంశం 248వ అధికరణ ప్రకారం పార్లమెంటుకు పోతుంది. అమెరికాలో ఇది తిరగబడుతుంది. కేంద్రానికి ఇవ్వనిది, రాష్ట్రాలకు నిషేధించనిది రాష్ట్రాలకు, ప్రజలకు మిగులుతుందని పదో సవరణ చెబుతుంది. అందుకే కాంగ్రెస్ చేసే ప్రతి చట్టానికీ రాజ్యాంగంలో ఒక ఆధారం చూపాలి. ‘కాంగ్రెస్ పోలీస్ పవర్ (ప్రజల ఆరోగ్యం, భద్రత, సంక్షేమం కోసం చట్టాలు చేసే సాధారణ అధికారం) కింద చెల్లుతుంది’ అనే ఆప్షన్ మీలాంటివాళ్ల కోసం వేసిన ఎర. వాషింగ్టన్ డీసీ, ఫెడరల్ భూముల సంగతి మాత్రం వేరు.

ప్రశ్న చదవగానే ఒకటే చూడండి: చట్టం నియంత్రిస్తున్న పని ఆర్థికమైనదేనా? రాష్ట్రాల మధ్య రవాణా మార్గాలు, వాహనాలు, సరుకులు, మనుషుల విషయమైతే పేచీ లేదు. చిక్కంతా ‘గణనీయ ప్రభావం’ అనే మూడో వర్గంతోనే, అంటే రాష్ట్రాల మధ్య వాణిజ్యంపై గణనీయ ప్రభావం చూపే స్థానిక పనులతోనే.

విక్కర్డ్ (1942) తీర్పు బాగా చదవండి. ఒహాయో రైతు ఫిల్‌బర్న్‌కు అనుమతి 11.1 ఎకరాలకు, గోధుమ వేసింది 23 ఎకరాల్లో. అదనంగా పండిన 239 బుషెల్స్‌కు 117.11 డాలర్ల జరిమానా. సొంత వాడకానికే పండించానన్నా కోర్టు ఒప్పుకోలేదు. అలాంటి రైతులందరినీ కలిపి చూస్తే మార్కెట్ ధర కదులుతుందని చెప్పింది. ఇంట్లో పెంచుకున్న గంజాయికీ 2005లో రైచ్ కేసులో ఇదే తర్కం వాడారు. స్కూలు దగ్గర తుపాకీ ఉంచుకోవడం ఆర్థిక కార్యకలాపం కాదు కాబట్టి లోపెజ్ (1995)లో ఈ కూడికకు చోటు దొరకలేదు. చట్టం 5-4తో పోయింది. తర్వాత కాంగ్రెస్ ఆ తుపాకీకి రాష్ట్రాల మధ్య వాణిజ్యంతో సంబంధం ఉండాలని షరతు చేర్చి చట్టాన్ని సరిదిద్దుకుంది. ప్రశ్నలో అలాంటి షరతు కనిపిస్తే జవాబు మారొచ్చు.

తొందరపడితే మార్కు పోయేది 2012 నాటి ఆరోగ్య బీమా తీర్పు దగ్గర. బీమా కొనని మనిషిని కొనమని కామర్స్ క్లాజ్ కింద బలవంతపెట్టలేరన్నారు, కానీ అదే నిబంధన పన్నుగా నిలిచింది. కాబట్టి కామర్స్ కుదరలేదని ‘చెల్లదు’ అని టిక్ పెట్టేయకండి. పన్ను, ఖర్చు అధికారాలూ చూశాకే పెట్టండి.

‘పదో సవరణకు విరుద్ధం కాబట్టి చెల్లదు’ అనే ఆప్షన్ చాలాసార్లు తప్పే. రాష్ట్ర శాసనసభకో అధికారులకో కాంగ్రెస్ నేరుగా హుకుం జారీ చేస్తే మాత్రం అదే సరైన జవాబు: ప్రింట్జ్ (1997), క్రీడా పందేల మీద మర్ఫీ (2018) కేసులు ఇందుకు ఉదాహరణ.

దీనికే నెలలు పోయకండి. బార్ పరీక్షలోని ఆబ్జెక్టివ్ భాగమైన ఎంబీఈలో 200 ప్రశ్నలుంటే మార్కులు లెక్కించేవి 175; అందులో కాన్‌స్టిట్యూషనల్ లాకు 25. ఇది వాటిలో ఒక భాగమే. కొన్ని రాష్ట్రాలు 2026 జులై నుంచి నెక్స్ట్‌జెన్ అనే కొత్త బార్ పరీక్షకు మారుతున్నాయి. మీ విడతకు ఏది వర్తిస్తుందో న్యూయార్క్ బోర్డు సైట్‌లో చూసుకోండి. ఎల్‌ఎల్‌ఎంతో అర్హత పొందాలంటే కనీసం 24 క్రెడిట్లు, వాటిలో నిర్దేశించిన సబ్జెక్టులు ఉండాలి. కోర్సులు ఎంచుకునేముందే ఆ జాబితాతో సరిపోల్చుకోండి.