వినతిపత్రంలో ఒకే కోరిక పెట్టు

చిరంజీవి మేనకోడలికి, మామ ఆశీస్సులు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా ఎక్కువ మందికి అందాలని మీ కాలేజీ పిల్లలంతా కలిసి అర్జీ పెట్టబోతున్నారని మీ అమ్మ చెప్పింది. మంచి పని తలపెట్టినారు. ఇట్లాంటి అర్జీలు ఎక్కడ ఆగిపోతాయో తెలిస్తే మీ శ్రమ వృథా కాదు.

మొట్టమొదట, బకాయిల సంగతి దీంట్లో కలపొద్దు. బకాయి అంటే ఉన్న నిబంధన ప్రకారం రావలసిన డబ్బు. మీరు అడుగుతున్నది నిబంధననే మార్చమని. రెండూ ఒకే కాగితంలో రాస్తే అధికారి బకాయికి జవాబిచ్చి ఫైలు మూసేస్తాడు. హాస్టల్ ఖర్చులకిచ్చే డబ్బు చాలట్లేదన్నదీ నిజమే. డిగ్రీ పిల్లలకు ఏడాదికి 20,000గా పెట్టిన మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 1,666 రూపాయలు. దానికి వేరే అర్జీ రాయండి. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేసిన 2020 డిసెంబరు నాటి 77వ నంబరు జీవో మీద ఇంకొకటి. అది ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూసుకుని, కాపీ జతచేసి పెట్టండి.

ఈ అర్జీలో ఆదాయ పరిమితి ఒక్కటే ఉండాలని నా అభిప్రాయం. ఈ పథకానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 2019 నవంబరు మార్గదర్శకాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదని పెట్టినారు. ఆ గీత దగ్గర ఏం జరుగుతుందో ఒక లెక్క వేసి చూపించు. రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో నాన్నకు నెలకు 14,500, బట్టల కొట్లో అమ్మకు 7,000 వస్తాయనుకో. ఏడాదికి 2,58,000. పక్కింటివాళ్లకు నెలకు 20,500 వస్తే 2,46,000. తేడా 12,000. కన్వీనర్ కోటా (ప్రభుత్వం భర్తీ చేసే సీట్ల) ఫీజు 45,000 అనుకుంటే మొదటి ఇంటి పిల్లకు ఆ ఫీజూ పోతుంది, పైన హాస్టల్ ఖర్చుల 20,000 కూడా పోతుంది. పన్నెండు వేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై ఐదు వేల నష్టం! ఓవర్‌టైం చేసిన నెల చూసుకుని భయపడే ఇళ్లున్నాయి, అది అన్యాయం.

కాబట్టి పరిమితి ఎత్తేయమని రాయొద్దు. రెండున్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా సగం ఫీజు ఇవ్వండని రాయండి. నాలుగున్నరే ఎందుకంటే, ఇంటర్ మార్కుల మీద కేంద్రం డిగ్రీ పిల్లలకు ఏడాదికి 12,000 ఇచ్చే స్కాలర్‌షిప్‌కు అదే పరిమితి. వృత్తివిద్యా కోర్సుల విద్యారుణాల వడ్డీ రాయితీకీ అదే. కేంద్రమే ఆ ఆదాయం దాకా సాయం అవసరమని ఒప్పుకున్నాక రాష్ట్రం ముందు గట్టిగా నిలబడొచ్చు.

ఇక్కడే ఒక చిక్కుంది, మీరే ముందుగా రాయండి. ఎస్సీ పిల్లల పోస్ట్‌మెట్రిక్ (పదో తరగతి తర్వాతి చదువుల) స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. అక్కడ రెండున్నర లక్షల పరిమితి కేంద్రం పెట్టింది. దానికి పైనున్న ఎస్సీ పిల్లలకు ఇచ్చే ప్రతి రూపాయీ రాష్ట్రమే భరించాలి. ఈ మాట మీరు దాచినా ఆర్థికశాఖ తప్పకుండా పట్టుకుంటుంది, అక్కడితో మీ లెక్కల మీద నమ్మకం పోతుంది.

ఎంతమంది పెరుగుతారో చెప్పకుండా అర్జీ పంపొద్దు. జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. 'కిందటి విద్యా సంవత్సరంలో జిల్లాలో ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎన్ని తిరస్కరించారు, కారణాల వారీగా సంఖ్య ఇవ్వండి' అని మూడు ముక్కలు చాలు. 'ఎందుకు ఇవ్వలేదు' అని అడగొద్దు, వాదన అడిగినట్టవుతుంది, రికార్డులో ఉన్నదే వాళ్లు ఇస్తారు. మండల స్థాయి కార్యాలయమైతే ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. పేదరికపు రేఖకు దిగువనున్నవాళ్ల పేరు మీద పెట్టి కార్డు జిరాక్సు జతచేస్తే అదీ అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబు రాకుంటే, ఆ తర్వాతి ముప్పై రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఆ గడువు దాటనీయొద్దు, చాలామంది అక్కడే వదిలేస్తారు.

అంకెలతోపాటు ఇరవై ముప్పై కుటుంబాల వివరాలుండాలి. ఒక్కో కుటుంబానికి ఒక్క వరుస: కోర్సు, సంవత్సరం, కుటుంబ ఆదాయం, ఫీజు ఎంత, ఎట్లా కట్టినారు (అప్పా, నగల తాకట్టా, చీటీ ఎత్తినారా). నగరి, పుత్తూరు మరమగ్గాల కుటుంబాలను, తిరుపతి లాడ్జీల్లో పనిచేసేవాళ్లను, పలమనేరు వైపు వాళ్లను కలుపుకోండి. ఒక్క కాలేజీ పిల్లలే ఉంటే అది ఆ కాలేజీ గొడవగా చూస్తారు. ఆధార్ కాపీలు మాత్రం ససేమిరా జతచేయొద్దు. పేర్లు కూడా వద్దు, వరుస సంఖ్య చాలు. కారు ఉందని తిరస్కరించిన కేసులు వస్తే పక్కన పెట్టు. అమ్మేసిన బండి ఆర్‌సీ ఇంకా వాళ్ల పేరు మీదే ఉండటం వల్ల వచ్చిన తంటా అయితే రవాణా శాఖలో సరిచేసుకోవాలి, అర్జీతో తీరేది కాదు.

సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌లో ఇవ్వండి, కానీ దానిమీదే ఆశ పెట్టుకోవద్దు. ఆదాయ పరిమితి మార్చడం కలెక్టరు చేతిలో లేదు. అసలు ప్రతి వెలగపూడి సచివాలయంలో సాంఘిక సంక్షేమ శాఖ ముఖ్య కార్యదర్శికి వెళ్లాలి, నకళ్లు ఉన్నత విద్యాశాఖకూ ఆర్థికశాఖకూ. మన ఎమ్మెల్యేతోపాటు తూర్పు రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీని తప్పక కలవండి. మండలిలో ఆయన వేసిన ప్రశ్నకు అనుమతి వస్తే ప్రభుత్వం జవాబు చెప్పాలి. వేయవలసిన ప్రశ్న మీరే నాలుగు వరుసల్లో రాసి ఆయన చేతికివ్వండి. ఇదంతా అక్టోబరు, నవంబరులోగా కావాలి. బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిలో సభకు వచ్చేసరికి శాఖల అంకెలు ఎప్పుడో కుదిరిపోయి ఉంటాయి.

అర్జీ రెండు పేజీలు దాటనీయొద్దు, పట్టిక వేరే కాగితం మీద. ఇచ్చిన ప్రతిచోటా మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. ముసాయిదా రాసినాక అచ్చు తీయకముందు నాకు పంపు, కూడికలు ఒకసారి చూసి ఇస్తాను.

మీ మామ
తిరుపతి