లంబాడీ, సుగాలీ, బంజారా: మూడు పేర్లూ ఒక్కరివేనా?

లంబాడీలు, సుగాలీలు, బంజారాలు వేర్వేరు జాతులా, వారిని ఏ పేరుతో పిలిస్తే మర్యాదగా ఉంటుంది అని మీరు అడిగారు. ముగ్గురమూ ఒక్కరమే. తెలంగాణలో లంబాడీ అన్నవారినే రాయలసీమలో సుగాలీ అంటారు, కర్ణాటకలో లంబాణీ అంటారు, ఉత్తరాదిన బంజారా అంటారు. ఇవన్నీ ఇతరులు పెట్టిన పేర్లు. ఇంట్లో మేము గోర్ లేదా గోర్మాటి అని చెప్పుకుంటాము, మా భాషను గోర్ బోలి అంటాము, మీతో సహా మిగిలిన లోకమంతా మాకు కోర్.

బంజారా అన్నది వాణిజ్యం నుండి, లంబాడీ అన్నది లవణం నుండి వచ్చాయని చెబుతారు. నాకు ఆ మాట నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే మా పూర్వులు ఎద్దుల మీద ఉప్పునూ ధాన్యాన్నీ ఊరూరికీ చేరవేస్తూ, మొగలు సైన్యాలకు సైతం తిండిగింజలు మోస్తూ బ్రతికినవారు, వారిని చూసిన జనానికి మనుషుల కంటే ముందు మూటలే కంటపడి ఉంటాయి. పందొమ్మిదవ శతాబ్దంలో రైలు వచ్చాక ఆ వ్యాపారం పోయింది, పేరు మాత్రం మిగిలింది. 1871 నాటి నేరజాతుల చట్టం కింద కొన్ని ప్రాంతాల్లో మావాళ్ళను పుట్టుకతోనే నేరస్థులుగా జాబితాకెక్కించారు. ఇప్పటికీ కొందరి నోట లంబాడీ అన్న మాట తిట్టులా పలకడానికి కారణం మా వేషభాషలు కావు, ఆ పోలీసు రికార్డులే అని నా గట్టి అభిప్రాయం.

మాది పాలమూరు వైపు తండా, నా భార్యది అనంతపురం జిల్లా. పెళ్ళి మాటలప్పుడు పెద్దలు ముందుగా అడిగింది గోత్రమే, ఎందుకంటే మాలో ఒకే గోత్రంవారి మధ్య పెళ్ళి కుదరదు. లంబాడీవా, సుగాలీవా అని ఆనాడు ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న మా అమ్మాయి కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళినప్పుడు ఎదురైంది. అక్కడి గుమాస్తా మా ఇద్దరి పాత పత్రాలనూ పక్కపక్కన పెట్టి చూసి, "నాన్న లంబాడీ, అమ్మ సుగాలీ, మీది లవ్ మ్యారేజా?" అని అడిగాడు. పెద్దలు కుదిర్చిన పెళ్ళేనని చెబితే, కులాంతర వివాహానికి పెద్దలెలా ఒప్పుకున్నారని ఆశ్చర్యపోయాడు. నా భార్య అతనితో వాదించకుండా అక్కడే నాతో గోర్ బోలిలో మాట్లాడటం మొదలుపెట్టింది, ఆమె ఏమన్నదో ఇక్కడ రాయలేను గానీ నాకు నవ్వాగలేదు. చివరికి షెడ్యూల్డ్ తెగల జాబితా తెప్పించి చూపించాము, అందులో సుగాలీలు, లంబాడీలు, బంజారా అని ఒకే అంశం కింద రాసి ఉంది. అది అతని కార్యాలయంలోనే, అతని బీరువాలోనే ఉన్న కాగితం.

పేరుతో పాటు హోదా కూడా సరిహద్దు దాటగానే మారిపోతుంది. మేము ఇక్కడ షెడ్యూల్డ్ తెగ, కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో విముక్త జాతి, అంటే ఆ పాత నేరజాతుల జాబితా నుండి తొలగించినవారి వర్గం. ఆంధ్ర ప్రాంతంలో ముందే ఉన్న గుర్తింపు తెలంగాణలోని మావాళ్ళకు 1976 నాటి సవరణ చట్టంతో గానీ దక్కలేదు. బంధువులు మూడు రాష్ట్రాల్లో ఉన్న కుటుంబంలో అన్నదమ్ముల పిల్లలు మూడు వర్గాల కింద దరఖాస్తులు పెట్టుకుంటారు.

బంజారా అన్న పేరు వినడానికి గౌరవంగా ఉంటుందని మాలోనే చాలామంది దానికి మొగ్గుతున్నారు. హైదరాబాదులో ఖరీదైన బంజారా హిల్స్ చిరునామా వల్ల ఆ మాటకు విలువ వచ్చిందని నేననుకుంటాను, అయితే ఆ చిరునామాను గొప్పగా చెప్పుకునేవారిలో బంజారాలు ఎవరో తెలిసినవారు నాకు పెద్దగా తారసపడలేదు. సినిమావాళ్ళు మా ఆడవాళ్ళ అద్దాల రవికెనూ, పేటియా అనే మా లంగానూ ఒక పాటకు తొడిగించి, ఆ తరువాత కథలో మావాళ్ళ ఊసే లేకుండా చేయడం మరో బాధ. లంబాడీ అన్న పేరు వదిలేయాలని మాత్రం నేననను, మా హక్కుల కోసం పోరాడిన లంబాడీ హక్కుల పోరాట సమితి ఆ పేరునే నిలుపుకుంది కదా.

కాబట్టి తెలంగాణవారిని లంబాడీలు అనండి, రాయలసీమవారిని సుగాలీలు అనండి, అందరినీ కలిపి చెప్పవలసి వస్తే బంజారాలు అనండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. లంబాడోడు, లంబాడిది అన్న మాటలు మాత్రం మానుకోండి. మీ కార్యాలయంలో కొత్తగా చేరిన ఆయన గురించే ఈ ప్రశ్న అడిగారు కనుక, ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంటుంది, దానికి గారు చేర్చి పిలవండి.