తిరిగొచ్చే ముందు 24 రోజుల కారు ట్రిప్: ఖర్చు హోటళ్ళలో లేదు, తేదీల్లో ఉంది

ప్రశ్న: మేం 2014 నుంచి అమెరికాలో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాది హెచ్‌1బీ వర్క్ వీసా. ఈ 2026 వేసవిలో హైదరాబాద్ వచ్చేస్తున్నాం. పాప నాలుగో తరగతి, బాబు ఒకటి. ఇద్దరూ ఇక్కడే పుట్టారు. జూన్ 19న ఉద్యోగం మానేసి, ఆర్‌వీ (లోపలే పడకలు, వంటగది ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్, జయాన్, ఎల్లోస్టోన్, అటునుంచి కెనడాలో బాన్ఫ్ చూసి రావాలని మా ఆవిడ కోరిక. 24 రోజులకు ఆర్‌వీ అద్దే 7,400 డాలర్లు. ట్రిప్ మానేస్తే జూన్ 24కల్లా హైదరాబాద్‌లో ఉంటాం. ‘ఇప్పుడు తిరుగుళ్ళు ఎందుకురా, ఆ డబ్బు ఫ్లాట్ లోనుకు కట్టుకో’ అంటున్నారు నాన్న. అక్టోబర్ 2 దాటాకే ఇండియాలో దిగమంటున్నారు ఫ్రెండ్స్. బ్యాంకులో 68,000 డాలర్లు, కంపెనీ షేర్లు 1,10,000 డాలర్లవి ఉన్నాయి, 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) వేరే. ఇంటి అద్దె నెలకు 2,450. గత ఐదు ఆర్థిక సంవత్సరాల్లో నేను ఇండియాలో ఉన్నది మొత్తం 104 రోజులు. ట్రిప్ ఖర్చుకు 401కే లోంచి తీయొచ్చా?

జవాబు: వెళ్ళి రండి. అయితే ఆర్‌వీ వద్దు, బాన్ఫ్ వద్దు, 401కే ముట్టుకోవద్దు. జూన్ 19 అన్న తేదీ కూడా మార్చండి.

ముందు ఆ తేదీ సంగతే చూద్దాం. హెచ్‌1బీ ఉద్యోగం ఆగిన రోజు నుంచి మీకుండేది గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (మీరు అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే ముగిస్తే అంతవరకే. ట్రిప్పుకు ఆ గడువు సరిపోతుంది, నిజమే. కానీ ఆ 60 రోజులు అమెరికా లోపల ఉన్నంతసేపే. బాన్ఫ్ కోసం సరిహద్దు దాటారంటే గడువు అక్కడితో సరి. ఉద్యోగం లేని హెచ్‌1బీతో తిరిగి లోపలికి రానివ్వరు. మీరు కెనడాలో, సూట్‌కేసులు, పిల్లల స్కూల్ టీసీలు ఫ్రిస్కోలో! అందుకే బాన్ఫ్ వద్దంటున్నాను.

దీనికంటే మంచి దారి, ట్రిప్ మొత్తాన్ని ఉద్యోగంలో ఉండగానే పెట్టుకోవడం. జూన్ 15న బయల్దేరి జులై 8కి వచ్చేయండి. మీ పీటీఓ (జీతంతో కూడిన సెలవులు) ఎన్ని రోజులుంటే అన్నీ వాడండి, చాలకపోతే జీతం లేని సెలవు అడగండి. ఆఖరి రోజు జులై 10. మిగిలిన సెలవులకు డబ్బిచ్చి తీరాలన్న చట్టం టెక్సాస్‌లో లేదు, అది కంపెనీ పాలసీని బట్టి ఉంటుంది. కాబట్టి రాజీనామా లెటర్ ఇచ్చే ముందు హెచ్‌ఆర్ పాలసీ చదవండి. సెలవులకు డబ్బివ్వని కంపెనీ అయితే, వాడుకోని ప్రతి రోజూ మీ జేబులోంచి పోయినట్టే.

హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఈ తేదీతోనే ముడిపడి ఉంది. చాలా కంపెనీల్లో మానేసిన నెల చివరిదాకా కవర్ ఉంటుంది. అంటే జులై 10న మానేస్తే జులై 31 దాకా. మీ కంపెనీలో మానేసిన రోజే ఆపేస్తారనుకోండి, కంగారు పడొద్దు. కోబ్రా (పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకోవడం) తీసుకోవాలో వద్దో తేల్చుకోవడానికి 60 రోజుల టైమిస్తారు, తీసుకుంటే కవర్ ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. బాబు ఎక్కడో రాళ్ళ మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే అప్పుడు ప్రీమియం కట్టండి. ఏమీ కాకపోతే కట్టక్కర్లేదు.

ఇక అక్టోబర్ 2. మీ ఫ్రెండ్స్ చెప్పింది తప్పు కాదు. ఆ రోజు దిగితే మార్చి 31కి 181 రోజులే అవుతాయి, ఆ ఏడాది పన్ను లెక్కలో మీరిక్కడ ఎన్‌ఆర్‌ఐగానే ఉంటారు. కానీ మీకు దానితో పనిలేదు. పదేళ్ళలో తొమ్మిదేళ్ళు ఎన్‌ఆర్‌ఐగా ఉన్నవాళ్ళకు ఆర్‌ఎన్‌ఓఆర్ (ఇండియాలో ఉంటున్నా పన్నుకు పూర్తి నివాసిగా లెక్కించని) హోదా వస్తుంది. ఆ హోదాలో అమెరికా వడ్డీ మీద, షేర్ల లాభం మీద ఇక్కడ పన్ను ఉండదు. జులైలో దిగినా మీకు 2026-27, 2027-28 రెండేళ్ళూ ఆ హోదా ఖాయం.

మూడో ఏడాది 2028-29కి ఈ పదేళ్ళ లెక్క సరిపోదు. అప్పుడు రెండో నిబంధన చూస్తారు: అంతకుముందు ఏడేళ్ళలో ఇండియాలో ఉన్నది 729 రోజులకు మించకూడదు. మీ రోజులు లెక్కేశాను. ట్రిప్ మానుకుని జూన్ 24న దిగితే తొలి ఏడాది 281 రోజులు, రెండో ఏడాది లీపు కాబట్టి 366, పాతవి 104. మొత్తం 751, మూడో ఏడాది పోయింది. ట్రిప్ ముగించుకుని జులై 18న దిగితే 257, 366, 104. మొత్తం 727. రెండు రోజుల తేడాతో మూడో ఏడాదీ దక్కుతుంది, అంటే 2029 మార్చి 31 దాకా. అక్టోబర్ 2న దిగినా మీకు వచ్చేది అదే గడువు. పన్ను కోసం ట్రిప్ పెట్టుకోమని నేననను గానీ, నాన్నగారికి చూపించడానికి ఈ లెక్క పనికొస్తుంది. పాస్‌పోర్ట్ స్టాంపులు ముందు పెట్టుకుని 104ను ఇంకోసారి సరిచూసుకోండి. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ కలపండి. మీ ఆవిడ లెక్క వేరు. పుట్టింట్లో ఆవిడ నెల ఎక్కువ ఉండి ఉంటే ఆవిడకు మూడో ఏడాది రాకపోవచ్చు.

ఆ హోదా అసలు ఉపయోగపడేది మీ షేర్లకు. 2027 జనవరి తర్వాత, అమెరికాలో నాన్ రెసిడెంట్‌గా మారాక అమ్మితే అక్కడ క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. ఆర్‌ఎన్‌ఓఆర్ ఉండగా అమ్మితే ఇక్కడా పడదు. డబ్బు మాత్రం ముందు అక్కడి ఖాతాలో పడాలి, తర్వాత ఇక్కడికి తెచ్చుకోవాలి. అలాగని షేర్లను ఏళ్ళ తరబడి అక్కడే వదిలేయకండి. అమెరికాలో నివాసం లేనివాళ్ళ అక్కడి ఆస్తి 60,000 డాలర్లు దాటితే, వాళ్ళు పోయాక ఎస్టేట్ ట్యాక్స్ లెక్కలోకి వస్తుంది.

401కే మాట మర్చిపోండి. 59న్నర ఏళ్ళు రాకముందు తీస్తే 10 శాతం పెనాల్టీ. దానికితోడు ఈ ఏడాది జీతం మీద ఆ మొత్తం కూడా చేరి, మీ పై శ్లాబులో పన్ను పడుతుంది. బ్యాంకులో 68,000 పెట్టుకుని ఆ పని చేయడం ఎందుకు?

ఇప్పుడు ట్రిప్ ఖర్చు. బాన్ఫ్ తీసేస్తే డాలస్ నుంచి అమరిల్లో మీదుగా గ్రాండ్ కాన్యన్, జయాన్, ఎల్లోస్టోన్, మౌంట్ రష్‌మోర్, డెన్వర్ చూసి ఇంటికి రావడానికి, లోపల తిరుగుళ్ళతో కలిపి 4,200 మైళ్ళు అనుకుందాం. ఆర్‌వీ గ్యాలనుకు 9 మైళ్ళు ఇస్తే గొప్ప. గ్యాస్ గ్యాలన్ మూడున్నర డాలర్లనుకుంటే దానికే 1,630. రాత్రి నిలపడానికి సుమారు 70 చొప్పున 23 రాత్రులకు 1,610. అద్దెతో కలిపి 10,600 దాటింది, ఇంకా తిండి ఖర్చు రాయలేదు. పైగా కొండదారుల్లో అంత బండి మీరెప్పుడూ నడపలేదు. మీ మినీవ్యాన్‌కు గ్యాస్ 590. మామూలు ఊళ్ళలో 16 రాత్రులు 150 చొప్పున 2,400. ఎల్లోస్టోన్ దగ్గర మూడు రాత్రులకు 330 చొప్పున 990, అక్కడ వేసవిలో రేట్లు మండిపోతాయి. మిగతా నాలుగు రాత్రులు డెన్వర్‌లోనో దారిలోనో ఫ్రెండ్స్ ఇళ్ళల్లో సర్దుకోండి. తిండికి రోజుకు 70, ఆయిల్ చేంజ్, టైర్ల చెకప్‌కు 250. అంతా కలిపి 5,900. కిచెన్ ఉన్న హోటల్ రూము చూసుకుని రైస్ కుక్కర్, పప్పుల పొడి, ఆవకాయ పట్టుకెళ్తే పొద్దున్నే పులిహోర డబ్బాలో పెట్టుకుని బయటపడొచ్చు. తాలింపు మాత్రం అక్కడ వద్దు, స్మోక్ అలారం మోగుతుంది!

నేషనల్ పార్కుల్లో ప్రవేశానికి మీరు పైసా కట్టక్కర్లేదు. అమెరికాలో నాలుగో తరగతి పిల్లలకు ఫ్రీ పాస్ ఇస్తారు, కారులో ఉన్న కుటుంబమంతా దాని మీదే లోపలికి వెళ్ళొచ్చు. పాప పాస్ ఆగస్టు 31 దాకా చెల్లుతుంది. వెబ్‌సైట్‌లో తీసి ప్రింట్ దగ్గర పెట్టుకోండి. ఇదే ట్రిప్ ఐదేళ్ళ తర్వాత హైదరాబాద్ నుంచి వేసుకుంటే నాలుగు విమానం టికెట్లు, మీ ఇద్దరికీ విజిటర్ వీసా ఫీజులు అవుతాయి. పార్కుల వార్షిక పాస్ కూడా 2026 నుంచి అక్కడి నివాసులకు 80 డాలర్లే గానీ, బయటివాళ్ళకు 250.

అపార్ట్‌మెంట్ జూన్ 14కే ఖాళీ చేయండి. షిప్పింగ్‌కు ఇచ్చేది ఇచ్చేసి, సూట్‌కేసులు ఫ్రెండ్ గరాజ్‌లో పెట్టండి. ఒక నెల అద్దె 2,450 మిగులుతుంది. అంటే ట్రిప్ నికర ఖర్చు 3,450 డాలర్లు, 90 రూపాయల లెక్కన మూడు లక్షల పదివేలు. ఫ్లాట్ లోనులో అది ఎన్ని నెలల ఈఎంఐ అవుతుందో నాన్నగారికి మీరే చెప్పండి.

వ్యాన్ గురించి నా సొంత అనుభవం ఒకటి. నేను తిరిగొచ్చిన ఏడాది, కారు లోను తీర్చేసి దర్జాగా ట్రిప్పుకు వెళ్ళాను. లోనిచ్చిన వాళ్ళు టైటిల్ కాగితాన్ని నేను ఖాళీ చేసిన ఇంటికి పోస్ట్ చేశారు. టైటిల్ లేనిదే కారు అమ్ముడుపోదు. విమానానికి రెండు రోజులుంది. చివరికి ఒక మిత్రుడి పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి వచ్చాను, అతను రెండు నెలలకు అమ్మి పెట్టాడు. మీ వ్యాన్ మీద లోనుంటే మే నెలలోనే తీర్చేసి, టైటిల్ చేతికొచ్చాకే బయల్దేరండి. ట్రిప్ నుంచి వచ్చిన వారంలో అమ్మేయండి, ఇన్సూరెన్స్ అమ్మే రోజు దాకా ఆపొద్దు. మీ డ్రైవింగ్ లైసెన్స్ గడువు ఐ-94 గడువుతో ముడిపడి ఉంటుంది, జులై దాకా చెల్లుతుందో లేదో చూసుకోండి. పిల్లల ఓసీఐ కార్డులు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేవి) ఇంకా రాకపోతే, హోటళ్ళు బుక్ చేసేలోపే ఆ పని చూడండి.

స్కూల్ ఒక్కటే నాకు కొంచెం ఇబ్బందిగా కనిపిస్తోంది. తెలంగాణలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, మీ పిల్లలు ఐదు వారాలు ఆలస్యంగా చేరతారు. తొలి టర్మ్ ఫీజు ఇప్పుడే కట్టి సీటు ఖాయం చేసుకుని, జులై 20న చేరతామని ఈమెయిల్‌లో రాయించుకోండి. ఆ జవాబు వచ్చాకే ఎల్లోస్టోన్ రూములు బుక్ చేయండి, అదీ డబ్బు వాపసు వచ్చే రేటులో.