పాత ఐస్ యాక్స్‌ను గరుకు కాగితంతో రుద్దకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత పర్వతారోహణ పరికరాలను సేకరించడం మొదలుపెట్టావనీ, తొలి వస్తువుగా చెక్క కామ ఉన్న ఐస్ యాక్స్ (మంచుకొండలు ఎక్కేవారు వాడే గొడ్డలి) కొన్నావనీ, దాన్ని నున్నగా రుద్ది, వార్నిష్ పూసి హాల్లో గోడకు తగిలించబోతున్నావనీ రాశావు. తప్పక తగిలించు. రుద్దడం మాత్రం ఆపు.

1933లో ఎవరెస్టు ఈశాన్య గట్టు మీద, 8,400 మీటర్లకు పైన, బ్రిటిష్ బృందానికి ఒక ఐస్ యాక్స్ దొరికింది. 1924లో అక్కడే కనిపించకుండా పోయిన పర్వతారోహకులు మలోరీ, ఇర్విన్‌లలో ఒకరిదే అయి ఉండాలి. అది ఇర్విన్‌దని చాలామంది పరిశీలకులు భావించడానికి ముఖ్య ఆధారం కామ మీద చెక్కి ఉన్న మూడు చిన్న గాట్లు; అలాంటి గాట్లే ఇర్విన్ చేతికర్ర మీదా ఉన్నాయి. నా తొలి యాక్స్ కామ మీద కూడా ఎవరో చెక్కుకున్న అక్షరాలు ఉండేవి. మురికి అనుకుని నేనే అరగదీశాను. అవి ఎవరి పేరులోని అక్షరాలో తెలుసుకునే దారి ఆనాటితో మూసుకుపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

కామను పొడిగుడ్డతో తుడిచి, కలప ఎండిపోయినట్టు కనిపిస్తేనే అవిసె నూనెను పలచగా పట్టించి, మిగిలిన నూనెను తుడిచెయ్యి. నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి పారవేయకు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు కనుక ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టు. ఇనుము మీద పొరలు పొరలుగా లేచే తుప్పును మాత్రం సన్నని ఉక్కు పీచుతో, కొద్దిగా నూనె వేసి మెల్లగా తొలగించు. నల్లబడిన పాత రంగును ఉండనీ. ముక్కుకు గాని, అడుగున ఉన్న పొన్నుకు గాని సానపట్టకు.

బూట్ల వయసు గుర్తించడానికి అడుగుభాగం చూడు. మేకులు కొట్టిన తోలు అడుగు పాత పద్ధతి. విబ్రామ్ అనే కంపెనీ రబ్బరు అడుగు 1937 నుంచి వచ్చింది. అయితే పాత బూట్లకు తరువాత అడుగు మార్పించుకున్నవారూ ఉన్నారు కాబట్టి అదొక్కటే చూసి తేల్చెయ్యకు. క్రాంపాన్లకు (మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టుకునే ఇనుప మొనల చట్రాలకు) ముందుకు పొడుచుకొచ్చిన రెండు మొనలు ఉంటే, అవి 1929లో లారెంట్ గ్రివెల్ తెచ్చిన పన్నెండు మొనల నమూనా తరువాతివని అనుకోవచ్చు.

తాడును మేకుకు వేలాడదీస్తే దాని బరువంతా ఒక్కచోట పడి నార తెగుతుంది. చుట్టగా చుట్టి, ఎండ తగలని అరలో పరిచి ఉంచు. నారతాడైనా నైలాన్ తాడైనా, ఎంత గట్టిగా కనిపించినా, పాతదాన్ని కట్టుకుని ఎవరినీ ఎక్కనివ్వకు. యాక్స్‌ను వానాకాలంలో చెమ్మ ఊరే గోడకు ఆనించక, రెండు చెక్క కొయ్యల మీద వేలెడు ఎడంతో నిలుపు. బూట్లలో తెల్లకాగితం కూరి పెట్టు, వార్తాపత్రిక వద్దు.

వస్తువు ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నావో, అమ్మినవారు దాని గురించి ఏం చెప్పారో అదే రోజున కాగితం మీద రాసి, నూలుదారంతో కట్టు. జిగురు చీటీ అంటించకు. వీలు చూసుకుని డార్జిలింగ్‌లో 1954లో నెలకొల్పిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోని మ్యూజియానికి వెళ్ళి, అక్కడి పరికరాలను తీరిగ్గా పరిశీలించు. దుకాణదారుల మాటలకన్నా అది నీ కంటికి ఎక్కువ నేర్పుతుంది.

ముందుగా యాక్స్ తల మీది తయారీదారు ముద్రను, కామ మీది ప్రతి గీతనూ పక్కనుంచి ఏటవాలుగా టార్చి వేసి ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి జాబు రాసేదాకా నూనె సీసా తెరవకు.

నీ మామయ్య