మేనల్లుడు నడిపే పాత పికప్: ఉంచాలా, అమ్మాలా, రాసివ్వాలా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. నెల్లూరు జిల్లా పొదలకూరు మండలంలో నిమ్మతోట ఉంది. 2010లో కొన్న పికప్, ఏపీ 26 నంబరు, నా పేరు మీదే ఉంది. ఫైనాన్స్ ఎప్పుడో తీర్చేశాను. ఆరేళ్లుగా మా అక్క కొడుకే నడుపుకుంటున్నాడు. కాయల బస్తాలు మార్కెట్‌కి తోలతాడు, కోతల రోజుల్లో కూలీలను తోటలకు తీసుకెళతాడు. రెండు నెలల్లో ఎఫ్‌సీ (రవాణా శాఖ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు అయిపోతుంది. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి, ఒంగోలులో ఉన్న అమ్మాయి బండి అమ్మేయమంటున్నారు. పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి ఇస్తే అక్కడికక్కడే డబ్బిస్తానని ఒక బ్రోకరు అంటున్నాడు. 15 ఏళ్లు దాటింది కాబట్టి ఎలాగూ స్క్రాప్‌కే పోతుందని భయపెడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ స్క్రాప్ భయం వదిలేయండి. 15 ఏళ్లు దాటిన ప్రైవేటు వ్యక్తుల బండిని తప్పనిసరిగా తుక్కు చేయాలన్న నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో లేదు. పదేళ్ల డీజిల్ బండ్ల మీద మీరు విన్న ఆంక్షలు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానివి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ ఆపేసింది ప్రభుత్వ శాఖల బండ్లకు. మీ పికప్‌కు వయసు అడ్డు కాదు, ఎఫ్‌సీ వస్తుందా రాదా అన్నదే లెక్క. కాబట్టి ఆ భయంతో ధర తగ్గించుకోకండి.

ఎఫ్‌సీ విషయంలో చాలామంది రైతులు ఒక పొరపాటు పడతారు. ‘మా పంటే మోసుకుంటున్నాం, కిరాయికి తోలడం లేదు, మాకెందుకు ఎఫ్‌సీ’ అంటారు. మోటారు వాహనాల చట్టంలో సరుకు మోయడానికి తయారైన బండి ఏదైనా రవాణా వాహనమే, సొంత సరుకైనా సరే. ఎనిమిదేళ్లు దాటాక ఎఫ్‌సీ ఏడాదికోసారి చేయించాలి. అది లేకపోతే సెక్షన్ 56 ప్రకారం బండికి రిజిస్ట్రేషన్ ఉన్నట్టే కాదు. ఆ స్థితిలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది ఈ లోపాన్నే. బాధితుడికి ముందు కంపెనీ చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమని ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ ఆదేశిస్తే, ఆ డబ్బు చివరికి మీ ఇంటి నుంచే పోతుంది.

అందుకే ఏ నిర్ణయానికైనా ముందు ఈ వారమే రెండు పనులు చేయండి. నమ్మకమైన మెకానిక్‌కి చూపించి బ్రేకులు, స్టీరింగ్ ఆట, టైర్లు, పొగ, హెడ్‌లైట్లు, హారన్, వైపర్, రిఫ్లెక్టర్ టేపులు ఎఫ్‌సీకి సిద్ధం చేయడానికి ఎంతవుతుందో రాయించుకోండి. టేపులు ముందు తెల్లవి, పక్కల పసుపువి, వెనక ఎర్రవి ఉండాలి. తర్వాత ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) చేతిలో పట్టుకుని బండి దగ్గర నిలబడండి. ఛాసిస్ నంబరు తుప్పు కింద కనబడుతోందా, ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉన్నదేనా చూడండి. పాత పికప్‌లకు ఇంజిన్ మార్పించి ఆ మార్పును ఆర్‌సీలో ఎక్కించకపోవడం మామూలైపోయింది. అలాంటి బండికి ఎఫ్‌సీ ఆగుతుంది, పేరు మార్పిడీ ఆగుతుంది. ఎక్కువ బస్తాలు పట్టాలని బాడీ పలకలు ఎత్తు పెంచి ఉంటే, ఎఫ్‌సీకి తీసుకెళ్లేలోపే అసలు కొలతకు దించేయండి. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఓనరుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే సెక్షన్ 182ఏ 2019 సవరణతో వచ్చింది.

ఫైనాన్స్ తీరిందన్నారు. ఆర్‌సీలో ఆ కంపెనీ పేరు తీయించారా? అప్పు తీరగానే పేరు దానంతటదే పోదు. కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), మీరూ కంపెనీ ఇద్దరూ సంతకం చేసిన ఫారం 35 రవాణా ఆఫీసులో పెడితేనే పోతుంది. ఆ పేరు ఉన్నంతకాలం మీరు అమ్మలేరు, రాసివ్వలేరు. కంపెనీ వేరే దాంట్లో కలిసిపోయి ఉంటే కొత్త కంపెనీని అడగాలి. దీనికే వారాలు పడుతుంది కనుక మొదట దీన్ని కదపండి.

ఇప్పుడు అసలు సంగతి. బండి మీ పేరు మీద, తాళాలు మేనల్లుడి చేతిలో. చట్టం దృష్టిలో ఓనరంటే ఆర్‌సీలో పేరున్న మనిషి. 2018 ఫిబ్రవరి 6న నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే. అక్కడ మొదటి ఓనరు బండి అమ్మేశాడు, అది ఒకరి నుంచి ఒకరికి పలు చేతులు మారింది, ప్రమాదం తర్వాత కొన్నవాళ్ల దగ్గర ఉండగా జరిగింది. ఆర్‌సీలో పేరు మారలేదు గనుక పరిహారం మొదటి ఓనరే కట్టాలని తీర్పొచ్చింది. ఆ బండికి ఇన్సూరెన్స్ కూడా లేదు.

మీకు ఇన్సూరెన్స్ ఉందనుకుందాం. అయినా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ ఉత్తరంలో పక్కన పడేసినట్టు రాసిన ఒక మాట: కూలీలను తీసుకెళ్లడం. సరుకు బండిలో సరుకు యజమానికో, అతని మనిషికో పాలసీ రక్షణ ఉంటుంది. డ్రైవరు, క్లీనరు లాంటి ఓనరు మనుషులకు పాలసీలో రాసిన మేరకు ఉంటుంది. తోటకో, కయ్యలోకో పనికి పోతూ వెనక తొట్టిలో ఎక్కిన కూలీలు ప్రయాణికులే తప్ప సరుకు యజమానులు కారు. ఆశారాణి కేసు తీర్పు దగ్గర్నుంచి, అంటే 2002 నుంచి, వాళ్లకు పరిహారం ఇచ్చే బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీ మీద లేదన్నదే సుప్రీంకోర్టు వైఖరి. మలుపులో బండి తిరగబడి ఆడకూలీలు ఇద్దరు చనిపోతే, ఆ కుటుంబాల పరిహారం లక్షల్లో ఉంటుంది. అది వచ్చి పడేది మీ తోట మీద, మీ ఇంటి మీద. బండి నడిపింది మేనల్లుడే అయినా నోటీసు మీకే వస్తుంది. బండి ఉంచుకున్నా, ఇచ్చేసినా, ఈ పద్ధతి ఇవాళే ఆపించండి. కూలీలకు ఆటో మాట్లాడుకోవడం ఎంత ఖర్చైనా తక్కువే.

మేనల్లుడి లైసెన్సు గురించి ఎవరైనా భయపెడితే నమ్మకండి. బండి మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చు, రవాణా బండికని ప్రత్యేకంగా బ్యాడ్జి అక్కర్లేదు. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని ఖాయం చేసింది. లైసెన్సు గడువు మాత్రం దాటి ఉండకూడదు.

‘అలాగే వదిలేద్దాం, నా తర్వాత వాడే తీసుకుంటాడు’ అనుకుంటుంటే అది కుదరదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ తర్వాత మొదటి వరస వారసులు మీ భార్య, కొడుకు, కూతురు, మీ అమ్మగారు ఉంటే ఆమె. అక్క కొడుకు ఆ వరసలో లేడు. ఆరేళ్లు నడిపాడు, రిపేర్లు తనే చేయించాడు అన్నది వారసత్వం ఇవ్వదు. ఓనరు పోయాక బండి దగ్గరుంచుకున్న వారసుడు 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లో పేరు మార్పుకు ఫారం 31 పెట్టుకోవాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకార పత్రాలు కావాలి. పాలసీ కూడా పాత పేరు మీద మరణం తర్వాత మూడు నెలలే, లేదా పాలసీ గడువు ముందే ముగిస్తే అప్పటిదాకానే నడుస్తుంది. ఈ మూడు నెలల్లో హైదరాబాదు, ఒంగోలు, పొదలకూరు సంతకాలు కలవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. బండి మీ పేరునే ఉంచుకోవాలనుకుంటే ఆర్‌సీలో నామినీ పేరు ఎక్కించే వీలు 2021 నుంచి ఉంది. దానివల్ల ఆఫీసు పని సులువవుతుంది. అయితే మేనల్లుడికే చెందాలన్నది మీ ఉద్దేశమైతే నామినీ పేరు ఒక్కటే నమ్ముకోకుండా వీలునామాలో కూడా రాయండి.

నా సలహా ఏమిటంటే, మెకానిక్ చెప్పే ఖర్చు భరించదగ్గదైతే, ఆ బండి మీదే బతుకుతున్న మేనల్లుడికి ఇప్పుడే, మీరు బాగుండగానే, మీ చేతులతో పేరు మార్చి ఇచ్చేయండి. ఎఫ్‌సీ గడువు లోపలే చేయండి, ఎందుకంటే ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు, పన్ను బతికి ఉన్న బండికే పేరు మార్పు సాఫీగా సాగుతుంది. ముందుగా ఈ-చలాన్లు, గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పన్ను) బాకీలు ఉంటే కట్టేయండి. బండి చరాస్తి కాబట్టి దానపత్రానికి సబ్‌రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లే పని లేదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 ప్రకారం చరాస్తి దానం అప్పగింతతో పూర్తవుతుంది. అయినా స్టాంపు కాగితం మీద నంబరు, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు వేసి, డబ్బు తీసుకోకుండా ఇష్టపూర్వకంగా ఇస్తున్నానని, అతను తీసుకున్నానని రాయించండి. మీ కొడుకు, కూతురు ఇద్దరి చేతా సాక్షులుగా సంతకం పెట్టించండి. మీ సొంత సంపాదనతో కొన్నదైతే వాళ్ల అనుమతి చట్టానికి అవసరం లేదు. ఉమ్మడి డబ్బుతో కొన్నారని రేపు ఎవరూ అనకుండా ఉండటానికే ఆ సంతకాలు. ఇచ్చాక మనసు మారితే వెనక్కి తీసుకునే వీలు దాదాపు ఉండదని తెలుసుకుని ఇవ్వండి. 

తర్వాత రవాణా సేవల వెబ్‌సైట్ అయిన పరివాహన్ పోర్టల్‌లో పేరు మార్పుకు పెట్టుకుని ఫారం 29, 30 దాఖలు చేయాలి. ఇచ్చిన మీరు 14 రోజుల్లో, పుచ్చుకున్న అతను 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 చెబుతోంది. ఆధార్ ఓటీపీ మీ ఇద్దరి ఫోన్లకూ వస్తుంది కాబట్టి ఆధార్‌లో ఇప్పటి నంబరే ఉందో లేదో ముందే చూసుకోండి. ఆర్‌సీలో బండి మొత్తం బరువు 3,000 కిలోలు దాటితే పర్మిట్ కూడా అతని పేరుకు మారాలి. దాటకపోతే పర్మిటే అక్కర్లేదు. ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజుల్లో అతను దరఖాస్తు ఇవ్వాలి. అప్పటిదాకా ఎదుటివారికి జరిగే నష్టానికి పాలసీ దానంతటదే అతని పేరుకు మారినట్టు లెక్క. బండికి జరిగే నష్టానికి మాత్రం ఆ సౌకర్యం లేదు. మీకు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంటే అది బండితో పోదు, మీతోనే ఉంటుంది.

ఏటా అయ్యే ఖర్చు కూడా మేనల్లుడికి ముందే చెప్పండి. 7,500 కిలోల లోపు, కిరాయికి తోలే సరుకు బండికి 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ (ఎదుటివారి నష్టానికి కట్టే) ప్రీమియం రూ.16,049, జీఎస్టీ అదనం. ఎఫ్‌సీ ఫీజు 15 ఏళ్లు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ నుంచి పెంచారు. ఈ రెండూ, గ్రీన్ ట్యాక్సూ, టైర్లూ కలిపి ఏడాదికి ఎంతో కాగితం మీద వేసి, సీజన్‌లో నిమ్మ కిరాయిలు దాన్ని మోయగలవా అని అతన్నే లెక్క చూడమనండి.

ఇక బ్రోకరు. ఖాళీ 29, 30 ఫారాల మీద సంతకం చేసి ఇవ్వడమంటే బండి పోయి బాధ్యత మిగలడమే. అతను తన పేరు మీదికి మార్చుకోడు. ఫారాలు జేబులో పెట్టుకుని ఇంకొకరికి, వాళ్లు మరొకరికి అమ్ముతారు, మధ్యలో ఆర్‌సీలో మీ పేరే ఉంటుంది. రేషన్ బియ్యం, ఇసుక, మన రాపూరు, ఉదయగిరి కొండల ఎర్రచందనం మోసి పట్టుబడితే పోలీసులు, అటవీశాఖ మొదట వచ్చేది మీ తలుపు దగ్గరికే. తెలియక జరిగిందని నిరూపించుకోవడం మీ భారమవుతుంది. అమ్మదలిస్తే నేరుగా వాడుకునే మనిషికి అమ్మండి, లేదా రవాణా శాఖ అనుమతి పత్రం ఉన్న డీలరుకు అమ్మండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, అలాంటి డీలరుకు బండి అప్పగించినట్టు ఫారం 29సీ పోర్టల్‌లో ఎక్కితే ఆ రోజు నుంచి బాధ్యత డీలరుదవుతుంది. బ్రోకరును ముందుగా ఆ అనుమతి పత్రం చూపించమనండి.

ఎవరికి అమ్మినా అప్పగింత కాగితంలో తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయండి. మధ్యాహ్నం అమ్మిన బండి సాయంత్రం గుద్దితే ఆ నిమిషమే సాక్ష్యం. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. కొనేవాడి ఆధార్ నకలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. పోర్టల్‌లో ఇద్దరి ఓటీపీలూ పూర్తయ్యాకే తాళాలు ఇవ్వండి. చెన్నై వైపు నుంచి కొనేవాళ్లు వస్తే వేరే రాష్ట్రం కాబట్టి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తీసుకుని ఇవ్వాల్సి ఉంటుంది.

ఇంజిన్, ఛాసిస్ రెండూ పాడై మెకానిక్ ఖర్చు బండి విలువను మించితే రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. వాళ్లు ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ మీద కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, రవాణా బండికి పన్నులో 15 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలుంది. పాత ఇనుము కొట్టుకు మాత్రం ఇవ్వకండి. ఆర్‌సీ రద్దు కాని బండి నంబరు, ఛాసిస్ ప్లేటు దొంగ బండికి అంటుకోవచ్చు, మూడు నెలల పన్ను కట్టే బండైతే బాకీ కూడా మీ పేరున పెరుగుతూ పోతుంది. బండి వాడకానికి పనికిరాకుండా పోయాక 14 రోజుల్లో ఆర్‌సీ అప్పగించి రద్దు చేయించుకోవడం ఓనరు పని.

పేరు మార్పు దరఖాస్తు పెట్టిన రెండు వారాలకు ఎంపరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొట్టి చూడండి. ఓనరు పేరు మారిందని కనబడితే దాన్ని ప్రింటు తీసి దానపత్రంతోనో, అమ్మిన కాగితంతోనో కలిపి దాచండి. మారకపోతే, మీరిచ్చిన ఫారం 29 నకలు జతచేసి రవాణా ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, స్టాంపు వేసిన రసీదు తీసుకోండి.